మాట్లాడని బటన్లు

సెప్టెంబరు 2

అటక మీంచి పాత బ్రెయిలీ పలక తీయించాను. ఎందుకని ఆయన అడిగారు. వేళ్లు మొద్దుబారకుండా అని చెప్పాను. ఆయనకు ఈ చుక్కలు చదవడం రాదు. పెళ్లయిన కొత్తలో నేర్చుకుంటానని సరదాపడి, రెండో పాఠానికే కాగితం మీద తల వాల్చి గురక పెట్టారు. తెల్లవారకముందే బేకరీలో పిండి కలిపే మనిషికి సాయంత్రం పూట చదువేం ఎక్కుతుంది? కాబట్టి ఇక్కడ ఏం రాసినా అది నాకూ చుక్కలు పొడిచే ఈ సూదికీ మధ్యే ఉంటుంది.

రాయాల్సింది ఒక్కటే. స్కానింగ్ విభాగంలో కంప్యూటర్లన్నీ మారుస్తున్నారు.

ఒక చెవిలో పెద్ద డాక్టరు గొంతు, ఇంకో చెవిలో బావగారి గొంతు. ఇంతకాలం నా ఉద్యోగమంటే ఈ రెండు చెవులే. ఆవిడ స్కాన్ చూస్తూ చెప్పింది రికార్డవుతుంది, నేను విని రిపోర్టు టైపు చేస్తాను. తెర మీద ఏముందో నాకు చదివి చెప్పే సాఫ్ట్‌వేరు బావగారు. ఆ పేరు మా ఆయన పెట్టిందే. ముక్కుతో మాట్లాడతాడు, చెప్పిందే చెబుతాడు, ఎవరి మాటా వినడు, అచ్చం మా పెద్ద బావగారేనని.

ఇవాళ మధ్యాహ్నం రీస్టార్ట్ గారు వచ్చారు. హాస్పిటల్ కంప్యూటర్లన్నీ చూసుకునే పెద్దాయన. ఎవరే కష్టం చెప్పుకున్నా "ఒకసారి ఆపి మళ్లీ వేయండి" అంటారు, అందుకని ఆ పేరు. "పాత విండోస్‌కి ఇక రిపేర్లు రావమ్మా. వైరస్ ఏదైనా దూరిందంటే హాస్పిటలంతా మూసుకోవాల్సిందే. అన్నిట్లో కొత్తది ఎక్కిస్తున్నాం" అన్నారు.

"మరి నాకు చదివి పెట్టేది?"

"మీ దగ్గరున్నది చాలా పాతది. కొత్తదాంట్లో ఎక్కదు. కొత్త వెర్షన్ కావాలని పైకి రాశాను, అనుమతి రావాలి. అందాకా విండోస్‌తో వచ్చే గొంతు ఉంటుందిగా."

ఉంటుంది కదా అని నేనూ అన్నాను.

సెప్టెంబరు 5

భయమేమీ లేదు. ఇది నాకు మొదటిసారి కాదు.

సెప్టెంబరు 7, ఆదివారం

నిజంగానే మొదటిసారి కాదు. ఆయన నిద్రపోతున్నారు. గుర్తున్నంతవరకు రాస్తాను, ధైర్యంగా ఉంటుంది.

శిక్షణ కేంద్రంలో నాకు మొదట ఇచ్చిన కంప్యూటర్ తెర నల్లటిదట. దాని మీద అక్షరాలు తప్ప ఏమీ ఉండవని మా మాస్టారు చెప్పారు. పక్కన ఇటుకంత పెట్టె ఉండేది, అది ఒక్కో లైనూ చదివేది. మనం ఒక ఆజ్ఞ టైపు చేయాలి, ఎంటర్ నొక్కాలి, అది చేసేది. తప్పు చేస్తే తప్పని చెప్పేది. ఆ తెర మీద కళ్లున్నవాళ్లకు కనబడేదంతా నాకు వినబడేది, ఒక్క ముక్క తేడా లేకుండా. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకళ్లతో సమానంగా ఒక వస్తువు ముందు కూర్చోవడం నాకు అదే మొదలు. ఆ తరవాత అంత సమానంగా మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

అది నేర్చుకుని ఉద్యోగంలో చేరి, ఊపిరి పీల్చుకునేలోగా విండోస్ వచ్చింది. అందరూ సంబరపడ్డారు. ఇక ఆజ్ఞలు గుర్తుపెట్టుకోవక్కర్లేదు, బొమ్మ మీద మౌస్ పెట్టి నొక్కితే చాలన్నారు. పెట్టె మాత్రం నోరు మూసుకుంది, బొమ్మల్ని చదవడం దానికి తెలీదు. కిటికీలు తెరిచిన రోజునే మాకు తలుపులు మూశారని మాస్టారు ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను. ఆఫీసులో నన్ను ఫైళ్లకు దారాలు కట్టే పనిలో పెట్టారు. ఎన్నాళ్లు కట్టానో తలుచుకోను.

తరవాత బావగారొచ్చారు. బొమ్మల వెనక ఉన్న పేర్లు చదవడం నేర్చుకొచ్చారు. స్టార్ట్ మెనూ అనేది వచ్చింది. అది తెరుచుకుంటే ఒకదాని కింద ఒకటి వరసగా వినబడేది, బడిలో హాజరు పిలిచినట్టు. నా సీటు నాకు తిరిగొచ్చింది. ఆ మీదట వచ్చిన వెర్షన్ ఏళ్ల తరబడి కదల్లేదు. దాన్ని తీసేసిన రోజు ఎదురు సీటులో ఉన్న పెద్దావిడ వెక్కింది, కంప్యూటర్ కోసం ఏడ్చిన మనిషిని అప్పుడే విన్నాను. ఇంకోసారి స్టార్ట్ బటనే మాయమైంది. ఆ వారం విభాగమంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరిగింది. "ఎక్కడికెళ్లాలి, దేన్ని నొక్కాలి" అని అందరూ ఒకళ్లనొకళ్లు అడుక్కుంటుంటే నేను కీబోర్డు మీద షార్ట్‌కట్‌లు నొక్కుకుంటూ హాయిగా పనిచేసుకున్నాను. ఆ ఒక్క వారమే ఆఫీసులో అందరికంటే నాకు బాగా కనబడింది. తరవాతి దాంట్లో ఆ బటన్ తిరిగి తెచ్చిపెట్టారు.

ఇన్ని దాటాను. ఇదీ దాటుతాను.

సెప్టెంబరు 10

మార్చారు.

కొత్త గొంతు ఆడమనిషిది. తీయగా, నిదానంగా మాట్లాడుతుంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన వెంటనే కొత్త కోడలని పేరు పెట్టారు. "అత్తగారి దగ్గర ఎంత చెప్పాలో అంతే చెబుతుంది చూడు" అన్నారు. నవ్వాను.

విండోస్ వరకు అన్నీ చదువుతోంది, తప్పు పట్టలేను. చిక్కల్లా రిపోర్టుల ప్రోగ్రాముతోనే. కొత్త విండోస్‌కి సరిపడేలా దాన్నీ ఎవరో కాంట్రాక్టు వాళ్లు తిరగరాశారు. బటన్లకు బొమ్మలు పెట్టి పేర్లు పెట్టడం మర్చిపోయారు. ఒక బటన్ మీంచి ఇంకోదాని మీదికి వెళ్లడానికి నేను టాబ్ కీ నొక్కుతుంటే కోడలు "బటన్... బటన్... బటన్" అంటుంది. ఏ బటనో చెప్పదు. పేషెంట్ల జాబితాలోకి వెళితే పేరూ నంబరూ రావు. "వరస... వరస" అంటుంది, అంతే.

ఎదురు సీటు అమ్మాయి లేచొచ్చింది. ఆ పెద్దావిడ రిటైరయ్యాక చేరిన పిల్ల. "అక్కా, నేను చదివి పెట్టనా? పేరు చూసి చెప్పేస్తే చాలుగా."

"వద్దమ్మా. వినబడుతోంది" అన్నాను.

సెప్టెంబరు 11

కొత్తదానికి అలవాటు పడ్డాను.

సెప్టెంబరు 15

ఎందుకు వద్దన్నానో ఇక్కడ కూడా రాయలేకపోతే ఈ కాగితమెందుకు.

కంప్యూటర్లు మార్చిన రోజు పొద్దునే క్యాంటీన్లో పరిపాలన విభాగం ఆయన ఎవరితోనో అంటున్నాడు, "కొత్త విండోస్‌లో నోటితో చెబితే అదే టైపు చేసుకుంటోందండీ. ఇక టైపిస్టులెందుకు?" నేను వెనక బల్ల దగ్గరే ఉన్నాను. నాకు చెవులు కూడా లేవనుకున్నట్టున్నాడు. ఆ మాట విన్న మనిషి లేచి, నాకు ఒక్కో పేషెంటు పేరూ ఇంకొకళ్లు చదివి పెట్టాలి అని ఎలా అడుగుతుంది? మళ్లీ ఫైళ్లకు దారాలే.

ఉపాయం దొరికింది. డాక్టరు రికార్డింగులు ఏ క్రమంలో వస్తాయో జాబితాలో పేషెంట్లూ అదే క్రమంలో ఉంటారు. పాతవి పైన, కొత్తవి కింద. మొదటి రికార్డింగు మొదటి వరసది, రెండోది రెండో వరసది. తెరిచిన వరసలోని పేరూ నంబరూ రిపోర్టు మీద వాటంతటవే పడతాయి. బటన్లు కూడా లెక్కపెట్టుకున్నాను. సేవ్ ఎక్కడో, డాక్టరుకు పంపేది ఎక్కడో వేళ్లకు తెలుసు.

అంతా బాగానే ఉంది.

సెప్టెంబరు 18

పెద్ద డాక్టరు ఇవాళ నా బల్ల పక్కగా వెళుతూ ఆగారు. "కొత్త సిస్టమ్ ఎలా ఉంది? అందరూ సణుగుతున్నారు, మీరొక్కరే మాట్లాడరేం?"

"బాగానే ఉంది మేడమ్."

"మీ రిపోర్టులు నేను చదవను కూడా చదవను తెలుసా. మీ చేతి మీదుగా వచ్చిందంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాను."

ఇదివరకైతే ఈ మాటకు పొంగిపోయేదాన్ని.

సెప్టెంబరు 19

అలవాటు పడ్డాను. ఆయన అడిగితే కూడా అదే చెప్పాను. "మరి అన్నం తినవేం" అన్నారు.

సెప్టెంబరు 24, బుధవారం

రీస్టార్ట్ గారు ఎదురు సీటు దగ్గర నిలబడి ఒక మాట అన్నారు.

సెప్టెంబరు 25

ఏమన్నారో రాస్తాను.

ఆ అమ్మాయి స్టార్ట్ బటన్ మూల నుంచి మధ్యకు వచ్చేసిందని, చెయ్యి ఇంకా మూలకే పోతోందని ఆయనతో మొరపెట్టుకుంటోంది. ఆయన "దానికే ఇంత గోలా. సోమవారం పొద్దున మన ప్రోగ్రాముకు అప్‌డేట్ వచ్చి జాబితా మొత్తం తిరగబడింది, కొత్తవి పైకొచ్చి కూర్చున్నాయి. పై అంతస్తు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నానికి సరిచేయించాను" అన్నారు.

"మాకు చెప్పలేదే" అన్నాను నేను. గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

"తెర మీద పసుపుపచ్చ పట్టీ వేశాం కదమ్మా, జాబితా క్రమం మారింది, చూసుకోండి అని."

కోడలు నాకు పసుపుపచ్చ పట్టీ సంగతేమీ చెప్పలేదు.

సోమవారం పొద్దున నేను చేసినవి రెండే రిపోర్టులు. ఆ తరవాత మేడమ్ మీటింగుకు వెళ్లిపోయారు. రెండూ ఛాతీ స్కాన్‌లే. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో ఊపిరితిత్తి మీద మచ్చ ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపాలి అని మేడమ్ చెప్పారు.

నా కంప్యూటర్లో తిరగబడి ఉండకపోవచ్చు. అందరి కంప్యూటర్లకూ ఒకేసారి రాదు కదా అప్‌డేట్. తిరగబడి ఉంటే మేడమ్ సంతకం పెట్టేటప్పుడు చూసేవారు. పేషెంట్లయినా అడిగేవారు. ఇవాల్టికి మూడు రోజులైంది, ఎవరూ రాలేదు. అంటే ఏమీ జరగలేదు.

మేడమ్ చదవరని నాకు తెలుసు.

ఏమీ జరగలేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

పొద్దున ఆయన పనికి వెళ్లాక వంటింట్లో నిలబడి కుళాయి తిప్పి, ఎందుకు తిప్పానో మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. నీళ్లు సింకు నిండి పాదాల మీద పడేదాకా. అప్పుడు అనిపించింది, ఇలా ఇంకో రోజు గడపలేనని.

ఆఫీసుకు వెళ్లగానే ఎదురు సీటు అమ్మాయిని పిలిచాను. "సోమవారం పొద్దున నేను చేసిన రెండు రిపోర్టులు తెరిచి, పేషెంటు నంబర్లు చదువుతావా?"

"ఎందుకక్కా?"

"చదువు, చెబుతాను."

మేడమ్ ప్రతి రికార్డింగు మొదట్లో పేషెంటు నంబరు చెబుతారు. నేను ఆ రెండు రికార్డింగులూ తెరిచి మొదటి మాటలు వినిపించాను. ఆ అమ్మాయి తెర మీది నంబరు చదివింది. మళ్లీ వినిపించాను. మళ్లీ చదివింది. రెండు నంబర్లూ తారుమారయ్యాయి. నా భుజం మీద చెయ్యి వేసింది, తీసేయమన్నాను.

మేడమ్ గది తలుపు కొట్టాను. ఆవిడ ఏదో తాగుతూ ఉన్నారు, కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు వినబడింది. నిలబడే అంతా చెప్పాను. బటన్లు, వరసలు, నా లెక్క, పసుపుపచ్చ పట్టీ. ఒకరి మచ్చ ఇంకొకరికి వెళ్లిందని చెప్పాను.

ఆవిడ కీబోర్డు మీద గబగబా ఏదో కొట్టారు.  తరవాత ఫోనెత్తి ఆ ఇద్దరి వివరాలూ కావాలని ఎవరికో చెప్పి పెట్టేశారు.

"మొదటి రోజే చెప్పాల్సింది కదా, జాబితా వినబడట్లేదని."

"చెబితే తీసేస్తారనుకున్నాను మేడమ్."

"ఎవరు తీసేస్తారు?"

 ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచారు. కిటికీ దగ్గరకు వెళ్లినట్టున్నారు, గొంతు అటువైపు నుంచి వచ్చింది. "సంతకం నాది. చదవకుండా పెట్టింది నేను. ఇప్పుడు మీ మీద అరిస్తే నన్ను నేను ఏమని తిట్టుకోవాలి?"

అరిచి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 27

మచ్చ ఉన్నాయన స్కూలు బస్సు డ్రైవరు. బస్సు నడిపేటప్పుడు ఫోనెత్తరట. నిన్న సాయంత్రం పిల్లల్ని దింపేసి, మిస్డ్ కాల్స్ చూసుకుని నేరుగా ఇక్కడికి వచ్చారు. మేడమ్ నన్ను కూడా గదిలో ఉండమన్నారు. వద్దనలేదు నేను.

దగ్గుతూ వచ్చి కూర్చున్నారు. మేడమ్ నెమ్మదిగా చెప్పారు. మీకు బాగానే ఉందని ఇచ్చిన రిపోర్టు ఇంకొకరిది. మీ స్కాన్‌లో మచ్చ ఉంది. అది ఏమిటో ముక్క తీసి చూస్తే గానీ తెలీదు. ఈ నాలుగు రోజుల ఆలస్యంతో వైద్యానికి వచ్చే నష్టమేమీ లేదు, కానీ పొరపాటు మాది.

ఆయన టోపీయో ఏదో వేళ్లతో తిప్పుతున్న చప్పుడు వింటున్నాను.

"అయితే ఇది ఉత్త దగ్గు కాదన్నమాట" అన్నారు.

"చెప్పలేం. చూడాలి."

"మొన్న ఇంట్లో అందరికీ చెప్పేశాను, ఏం లేదన్నారని. మా అమ్మాయి ఫోన్లో ఏడ్చింది సంతోషంతో." మళ్లీ దగ్గారు. "రేపు బస్సు తీయొచ్చాండీ? లేకపోతే ఇప్పుడే చెప్పాలి, వేరేవాళ్లను చూసుకుంటారు."

తీయొచ్చని మేడమ్ చెప్పారు.

అప్పుడు నేను చెప్పాను, టైపు చేసింది నేనని. ఆయన నావైపు తిరిగారు, కుర్చీ కిర్రుమంది. ఏమీ అనలేదు. లేచి వెళ్లిపోయారు. మెట్ల మీద దగ్గు కిందిదాకా వినబడింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. అంతా. బేకరీ బట్టలు కూడా మార్చుకోలేదు, పిండి వాసన వేస్తూ పక్కన కూర్చున్నారు. "నాతో చెప్పాల్సింది" అన్నారు.

"మీరేం చేసేవారు?"

"ఏం చేసేవాణ్ని. భయపడేవాణ్ని. ఇద్దరం కలిసి పడేవాళ్లం."

సెప్టెంబరు 28

ఏమీ తోచడం లేదు.

సెప్టెంబరు 30

రెండో ఆయన ఇవాళ వచ్చాడు. ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. శనివారమే మేడమ్ ఫోన్ చేసి మీకు ఏమీ లేదని చెప్పారు. సంతోషించి ఊరుకుంటాడనుకున్నాను నా మనసులో. వరండాలోంచే గొంతు వినబడింది. "ఎవరు టైపు చేసిందో వాళ్లను పిలవండి. నేను ఒక్కసారి మొహం చూడాలి."

లేచి వెళ్లాను. గోడ పట్టుకుని నడిచాను, చేతికర్ర కోసం కూడా ఆగలేదు.

"నేనేనండీ."

ఆయనింకా చూసినట్టు లేదు, ఎత్తుకున్న మాట ఆపలేదు. "మంగళవారం చేతికొచ్చింది మీ కాగితం. మచ్చ అని. మా ఆవిడ ఆ రోజు నుంచి మంచం దిగలేదు. నేనేం చేశానో తెలుసా? ఎలాగూ పోతాం కదా అని మా ఓనరు దగ్గరికెళ్లి ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నదంతా కక్కేశాను. షాపు నిండా కస్టమర్లుండగా. నువ్వు అమ్మేది టేకు కాదు, రంగేసిన చెక్కపొట్టని చెప్పాను. అక్కడే ఉద్యోగం వదిలేసి వచ్చాను. ఇప్పుడు ఏమీ లేదంటారు. బతికినందుకు నవ్వాలో, ఉద్యోగం ఊడినందుకు ఏడవాలో మీరే చెప్పండి."

వరండాలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. 

ఆయన దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అప్పుడు చూసినట్టున్నాడు నా కళ్లను. ఆ ఆగడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గొంతు ఒక్కసారిగా దిగిపోయింది, పిల్లలతో మాట్లాడినట్టు అయింది.

"అయ్యో. మీకు... నాకు తెలీదమ్మా. కనబడకపోతే మీరు మాత్రం ఏం చేస్తారు. పోనీలెండి. పాపం."

అక్కడితో వదిలేస్తే అయిపోయేది. వెనక్కి తిరిగి నా సీటుకు వచ్చి కూర్చునేదాన్ని. అందరూ పాపమని ఊరుకునేవారు. ఆ పాపం చాలామందికి చాలాసార్లు దుప్పటిలా కప్పుకునే వీలిస్తుంది, నాక్కూడా ఇచ్చింది. ఇవాళ ఒళ్లు మండింది.

"కనబడక కాదండీ" అన్నాను. "కనబడకుండానే ఈ పని చాలా ఏళ్లు చేశాను, ఒక్క పేరు తారుమారు కాలేదు. కంప్యూటర్ మారాక నాకు పేర్లు వినబడటం లేదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పి అడగాలి. అడగలేదు, ఉద్యోగం పోతుందని. మీకు జరిగినదానికి కారణం అది. కోప్పడండి, పాపమనకండి."

 ఆయన ఊపిరి గట్టిగా వదిలాడు.

"కోపం ఉండాల్సినంత ఉందిలెండి" అన్నాడు చివరికి. మామూలు గొంతుతోనే అన్నాడు. "ఉద్యోగం పోతుందని నేనూ పన్నెండేళ్లు నోరు మూసుకున్నాను. ఆ చెక్కపొట్ట నేనే అమ్మాను."

వెళ్లిపోయాడు. క్షమించాడని రాసుకోను. ఆయన అలా అనలేదు.

అక్టోబరు 1

నన్ను ఎంక్వైరీ ఫోను దగ్గరకు మార్చారు. "తాత్కాలికంగా" అని ఉత్తర్వులో ఉందట, ఎదురు సీటు అమ్మాయి చదివి పెట్టింది. ఇకమీదట నా ఎదురు సీటులో ఎవరూ ఉండరు. ఫోను గది కింది అంతస్తులో, మెట్ల పక్కన.

అక్టోబరు 6

ఫోను మోగుతుంది, ఎత్తుతాను, ఏ డాక్టరు ఏ గదిలోనో చెబుతాను. చెయ్యలేని పనేం కాదు. వేళ్లు మాత్రం బల్ల అంచు మీద ఊరికే టైపు చేసుకుంటున్నాయి. ఆపుతాను, మళ్లీ మొదలుపెడతాయి.

అక్టోబరు 9

తాత్కాలికమే.

అక్టోబరు 17

ఇవాళ ఒక ఫోను వచ్చింది. దగ్గు వినగానే తెలిసింది.

"ఆపరేషన్ తరవాత చూపించుకోవడానికి ఏ గదికి రావాలండీ?"

చెప్పాను. పెట్టేయాలి. పెట్టలేకపోయాను. "ఎలా ఉంది మీకు?" అని అడిగేశాను.

 "మీరే కదూ ఆ రోజు గదిలో ఉన్నావిడ."

"అవునండీ."

"చెడ్డదేనట ఆ మచ్చ. చిన్నగా ఉండగానే దొరికిందన్నారు. తీసేశారు. ఇంకా మందులు పెట్టాలట, చూద్దాం." ఊపిరి తీసుకున్నారు. "ఆ రోజు మీతో మాట్లాడకుండా వెళ్లిపోయాను. మాట్లాడితే ఏమనేవాణ్నో నాకే తెలీదు. మీరు ఆ శుక్రవారం నోరు విప్పకపోతే నేను ఉత్త దగ్గనుకుని ఏడాది తిరిగేవాణ్ని. విప్పడానికి అన్ని రోజులెందుకు పట్టిందని కూడా అనుకుంటూనే ఉన్నాను. రెండూ అనుకుంటున్నాను."

"రెండూ నిజమేనండీ."

"బస్సు వేరేవాళ్లకిచ్చారు. పిల్లలు ఆయనతో రోజూ పేచీ అట, హారన్ నాలా కొట్టడం లేదని." నవ్వబోయి దగ్గారు. పెట్టేశారు.

ఆ తరవాత మోగిన ఫోను కాసేపు ఎత్తలేదు.

అక్టోబరు 22

పెద్ద డాక్టరు ఆ ప్రోగ్రాము విషయంలో పరిపాలన వాళ్లతో పెద్ద గొడవే పెట్టుకున్నారని మెట్ల మీద మాటలు. ఆవిడ ఇప్పుడు ప్రతి రిపోర్టూ పూర్తిగా చదివిగానీ సంతకం పెట్టడం లేదట, విభాగంలో పని సాయంత్రం దాటినా తెమలడం లేదట. నోటితో చెబితే కంప్యూటరే టైపు చేసుకునే ఏర్పాటు కూడా చూశారు. బానే కొట్టింది గానీ, ఎవరి రిపోర్టు ఎవరికి పోతుందో మళ్లీ మనిషే చూడాలన్నారట ఆవిడ. ఎవరేమన్నా నా సీటు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారని ఎదురుచూడటం లేదు.

ఎదురుచూస్తున్నాను.

అక్టోబరు 29

భోజనం అయ్యాక రీస్టార్ట్ గారు ఫోను గదికి వచ్చారు. చేతిలో బరువేదో ఉంది, బల్ల మీద పెట్టారు. ల్యాప్‌టాప్.

"ఆ ప్రోగ్రాము కాంట్రాక్టు వాళ్లను పిలిపించారమ్మా. బటన్లకీ జాబితాకీ పేర్లు పెట్టుకొచ్చామంటున్నారు. అందరికీ ఎక్కించే ముందు మీరు చూడాలని పెద్ద డాక్టరు రాసిచ్చారు. మీరు సరే అంటేగానీ కదలదు." కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.  తరవాత, "ఆ పసుపుపచ్చ పట్టీ నా ఆలోచనే. వెయ్యగానే అందరికీ తెలిసిపోయిందనుకున్నాను. మీ సీటు గుర్తే రాలేదు" అన్నారు.

"నేను గుర్తు చేయలేదు కదా."

"చేయలేదు. నేను అడగనూ లేదు."

కీబోర్డు మీద చేతులు పెట్టాను.  అన్నీ పలికితే నాకు సీటు తిరిగొస్తుంది. సీటు తిరిగొస్తే మళ్లీ ఒకరి మచ్చా ఇంకొకరి పేరూ నా చేతిలోకి వస్తాయి. ఫోనైతే ఎవరినీ చంపదు. ఇది కూడా అనుకున్నాను.

ఆయన ల్యాప్‌టాప్ తెర మీద ఏదో నొక్కారు. "తెర ఆపేశాను. మీరు వినేదే నేనూ వింటాను. ఈ రెండో ఇయర్‌ఫోన్ నాకివ్వండి."

టాబ్ నొక్కాను. "వెతుకు" అంది గొంతు. మళ్లీ నొక్కాను. "కొత్త రిపోర్టు." మళ్లీ. "బటన్."

"ఇది పలకలేదు" అన్నాను.

కాగితం మీద ఆయన పెన్ను కదిలింది. జాబితాలోకి దిగాను. పేరు పలికింది, నంబరు పలికింది. కింది బాణం నొక్కాను, ఇంకో పేరు. నొక్కాను. "వరస" అంది. వెనక్కి వెళ్లాను, మళ్లీ ముందుకొచ్చాను. "వరస."

"ఇక్కడ మూడోది పలకడం లేదు. రాసుకోండి."

"రాశాను." ఆయన ఇయర్‌ఫోన్ సర్దుకున్నారు. ఇన్నేళ్లూ హాస్పిటలంతా ఆపి మళ్లీ వేయించిన మనిషి, గొంతులో కంగారు. "తెర లేకపోతే ఏమీ అంతుపట్టడం లేదమ్మా. ఇప్పుడు మనం ఎక్కడున్నాం?"

"మొదట్లోనే ఉన్నామండీ" అన్నాను, టాబ్ నొక్కాను.